16 వారాలు, 9 సార్లు: కటి కండరాల ఫిజియోథెరపీపై నా సమీక్ష

హైదరాబాద్‌లో స్త్రీల ఆరోగ్యానికి ప్రత్యేకంగా ఒక విభాగం నడుపుతున్న ఫిజియోథెరపీ కేంద్రానికి నేను ఈ ఏడాది 16 వారాల వ్యవధిలో 9 సార్లు వెళ్ళాను. తుమ్మినా, దగ్గినా, బడిలో పిల్లల వెనక నాలుగు అంగలు పరుగెత్తినా మూత్రం జారిపోయే ఇబ్బందితో ఆరేళ్ళు గడిపిన తరువాత అక్కడి గడప తొక్కాను. నా తీర్పు ముందే చెబుతాను: పెట్టిన డబ్బుకూ, ఉప్పల్ నుంచి అంత దూరం చేసిన ప్రయాణానికీ తగిన ఫలితం నాకు దక్కింది. అయితే ఆ కేంద్రం సరిదిద్దుకోవలసిన విషయాలు కూడా ఉన్నాయి, వాటిని దాచకుండా రాయబోతున్నాను కనుక దాని పేరు చెప్పడం లేదు. ఈ సేవ ఎలా ఉంటుందో, మంచిదాన్ని దేన్నిబట్టి గుర్తించాలో తెలిస్తే ఏ ఊరివారికైనా ఉపయోగపడుతుంది.

నా వయసు 38, బడిలో ఉపాధ్యాయినిని, ఇద్దరు పిల్లలు. మొదటి కాన్పులో బిడ్డను ఫోర్సెప్స్ వేసి తీశారు, కుట్లు కూడా ఎక్కువే పడ్డాయి. రెండో కాన్పు తరువాత మొదలైన ఈ జారుడు తగ్గుతుందని ఏడాది ఎదురుచూసి డాక్టరుగారికి చెప్పుకుంటే, పిల్లలు పుట్టాక ఇది మామూలేనని ఓదార్చి, కటి అడుగు కండరాలను బిగించి వదిలే కీగెల్ వ్యాయామాలు చేసుకోమని ఒక అచ్చు కాగితం చేతిలో పెట్టారు. దాన్ని చూస్తూ, ఫోన్లో వీడియోలు చూస్తూ ఎనిమిది నెలలు శ్రద్ధగా చేశాను. ఏమీ తగ్గలేదు. నాకిక ఇంతేనని సర్దుకుని, ముదురు రంగు చీరలు ఎంచుకోవడం, బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగకపోవడం, నెలసరి కాని రోజుల్లోనూ ప్యాడ్ పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. ఈ సంగతి మావారికి కూడా నాలుగేళ్ళ దాకా చెప్పలేదు. ఒక ఇబ్బంది చాలామందికి ఉండటం వేరు, అది ఉండవలసిందేనని ఊరుకోవడం వేరు అని నాకు తెలిసేసరికి అన్నేళ్ళు పట్టింది.

మొదటి రోజు ఫిజియోథెరపిస్టు నన్ను గంటా పావు కూర్చోబెట్టారు. అందులో 40 నిమిషాలు కేవలం ప్రశ్నలే: కాన్పులు ఎలా జరిగాయి, బిడ్డల బరువెంత, మలబద్ధకం ఉందా, బరువులు ఎత్తే పని ఉందా, దగ్గు, ఉబ్బసం లాంటివి ఉన్నాయా, కలయికలో నొప్పి ఉందా, కింద ఏదో అడ్డుగా ఉన్నట్టు, జారుతున్నట్టు అనిపిస్తుందా. సాయంత్రానికి కింద బరువుగా ఉంటుందని నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అదీ ఇదీ ఒకే తీగకు కాసినవని నాకు తెలియదు. ఆవిడ కటి ఎముకల నమూనా చేతికిచ్చి, ముందున్న జఘనాస్థి నుంచి వెనక తోక ఎముక దాకా అడుగున పరుచుకున్న కండరాలను చూపిస్తూ, వాటిని ఉట్టితో పోల్చారు. ఉట్టిలో కుండలు కూర్చున్నట్టు దానిపైన ముందు మూత్రాశయం, మధ్యలో గర్భసంచి, వెనక పెద్దపేగు చివరి భాగం కూర్చుంటాయి. ఉట్టి తాళ్ళు సాగినా, ఒకవైపు తెగినా పైనున్న కుండ కిందికి దిగుతుంది. తుమ్మినప్పుడు పొట్టలోని ఒత్తిడి ఒక్కసారిగా మూత్రాశయం మీద పడుతుంది, ఆ క్షణంలో ఈ కండరాలు బిగుసుకుని మూత్రనాళాన్ని మూసి ఉంచలేకపోతే కొంత మూత్రం బయటికి వస్తుంది. దగ్గు, తుమ్ము, నవ్వు, బరువు, పరుగు వల్ల జారితే అది ఒక రకం. ఉన్నట్టుండి ఆపుకోలేనంత తొందర వచ్చి, బాత్‌రూమ్ చేరేలోపే జారిపోతే అది మరో రకం. రెండూ కలిసి ఉండేవారూ చాలామంది. ఈ తేడా తేల్చకుండా చికిత్స మొదలుపెట్టకూడదని ఆవిడ చెప్పిన మాట, తరువాత మా అత్తయ్య విషయంలో ఎంత నిజమో చూశాను.

ఇక శరీర పరీక్ష. ఈ సేవ గురించి వినగానే చాలామంది వెనక్కి తగ్గేది దీనివల్లనే కనుక కొంచెం వివరంగా రాస్తాను. చేతి తొడుగు వేసుకుని, ఒక వేలితో యోనిలోపల కండరాల బలాన్ని చూస్తారు. చేసే ముందు ఎందుకు చేస్తున్నారో చెప్పి, నా అంగీకారం అడిగారు. ఏ క్షణంలో వద్దన్నా ఆపేస్తామని, అసలు వద్దనుకుంటే పొట్టమీద నుంచి స్కానింగ్‌తోనో, బయటి నుంచి గమనించో కొంతవరకు అంచనా వేయవచ్చని కూడా చెప్పారు. నాకు నొప్పి కలగలేదు, సిగ్గు మాత్రం కలిగింది, అదీ రెండు మూడు నిమిషాలే. కండరాల బలాన్ని 0 నుంచి 5 దాకా ఆక్స్‌ఫర్డ్ కొలమానంలో లెక్కిస్తారు, నాది 2 అని తేలింది. యోని ముందుగోడ కొద్దిగా కిందికి దిగి ఉన్నదని, అవయవాల జారుడు అనే ఈ ఇబ్బందిలో అది మొదటి దశ మాత్రమేనని చెప్పారు.

నన్ను నిజంగా కదిలించింది మరో విషయం. మీరు ఎనిమిది నెలలు చేసిన వ్యాయామం ఒకసారి చేసి చూపించండి అన్నారు. చేశాను. కండరాలను లోపలికి, పైకి లాగవలసింది పోయి, నేను ఊపిరి బిగబట్టి కిందికి ముక్కుతున్నానట. అంటే జారుడును తగ్గించవలసిన వ్యాయామం పేరుతో రోజూ ఆ ఉట్టి మీద మరింత బరువు మోపుతూ వచ్చాను. ఆ మాట విన్నాక నాకు ఏడుపు వచ్చింది. ఆవిడ మంచినీళ్ళు ఇచ్చి, ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు మేడం అని నెమ్మదిగా చెప్పారు. 1991లో అమెరికాలో 47 మంది స్త్రీలకు కేవలం నోటిమాటతో ఈ వ్యాయామం నేర్పి పరీక్షించి చూస్తే, సరిగా చేయగలిగినవారు దాదాపు సగం మందే ఉన్నారు. నాలుగో వంతు మంది ఇబ్బందిని పెంచే తీరులో చేస్తున్నారు. 1948లో ఈ వ్యాయామాలను ప్రచారంలోకి తెచ్చిన అమెరికా డాక్టర్ ఆర్నాల్డ్ కీగెల్ కూడా చేతితో పరీక్షించి, కండరాల ఒత్తిడిని కొలిచే పెరినియోమీటర్ అనే సాధనం వాడి నేర్పించారు. ఆయన పేరు మాత్రం మన చీటీల దాకా వచ్చింది, ఆయన పాటించిన పద్ధతి రాలేదు. అచ్చు కాగితం ఇచ్చి పంపే ఆసుపత్రులన్నీ ఈ ఒక్క సంగతి గమనించాలని నా మనవి.

సరైన తీరు నేర్చుకోవడానికి నాకు మూడు సందర్శనలు పట్టింది. గ్యాస్ బయటికి పోకుండా ఆపుకున్నట్టు వెనక నుంచి మొదలుపెట్టి, మూత్రం ఆపుకున్నట్టు ముందు దాకా, లోపలికీ పైకీ లాగాలి. పిరుదులు, తొడలు బిగియకూడదు, ఊపిరి ఆడుతూనే ఉండాలి. ఎంత బాగా బిగిస్తామో అంత పూర్తిగా వదలాలి కూడా. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయవద్దని గట్టిగా చెప్పారు, ఎందుకంటే అది మూత్రాశయం పూర్తిగా ఖాళీ కావడాన్ని చెడగొట్టవచ్చు. మొదట పడుకుని, తరువాత కూర్చుని, ఆ తరువాత నిలబడి, రోజుకు మూడు పూటలు, పూటకు కనీసం 8 సార్లు. కొన్ని సెకన్లు పట్టి ఉంచేవి కొన్ని, చటుక్కున బిగించి వదిలేవి కొన్ని. తుమ్ము వస్తున్నట్టు తెలియగానే, బిందె ఎత్తేముందు, కుర్చీలోంచి లేచేముందు ఒక్కసారి బిగించడం అనే చిన్న కిటుకు నాకు అన్నిటికంటే త్వరగా పనికొచ్చింది. నాలుగో వారానికే తుమ్ముకు జారడం సగానికి తగ్గింది. అయినా అంతటితో ఆపవద్దన్నారు. ఈ రకం ఇబ్బందికి పర్యవేక్షణతో కనీసం 3 నెలలు, మొదటి రెండు దశల్లో ఉన్న అవయవాల జారుడుకు కనీసం 16 వారాలు చేసి చూడాలన్నది బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లో ఉన్న సూచన, ఆవిడ నా లెక్క కట్టింది దాన్నిబట్టే.

మూడు రోజుల మూత్రం డైరీ రాయించడం నాకు మొదట చాదస్తంగా తోచింది. ఎప్పుడు, ఎంత తాగాను, ఎప్పుడు, ఎన్ని మిల్లీలీటర్లు పోశాను, ఎప్పుడు జారింది అన్నీ కొలత గ్లాసుతో కొలిచి రాయాలి. రాశాక నా బడి జీవితం మొత్తం ఆ కాగితం మీద కనిపించింది. పగలు 12 సార్లు వెళుతున్నాను, ఒక్కోసారి 100, 120 మిల్లీలీటర్లకు మించడం లేదు. తరువాతి పీరియడ్‌లో ఖాళీ దొరకదేమోనని, బస్సెక్కేముందు మంచిదని, అవసరం లేకపోయినా వెళ్ళడం వల్ల మూత్రాశయానికి కొంచెం నిండగానే తొందరపెట్టే అలవాటు పడిందట. నీళ్ళు మానేయడం వల్ల మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత చికాకు పెడుతుంది, మలబద్ధకం కూడా పెరుగుతుంది. ముక్కి ముక్కి మలవిసర్జన చేయడం ఈ కండరాలకు పెద్ద శత్రువు. కమోడ్ మీద కూర్చునేవారు పాదాల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్ళు తుంటికంటే ఎత్తుగా ఉంచుకుంటే మన పాత పద్ధతిలో గొంతుక్కూర్చున్నట్టే ఉంటుందని, ముక్కనక్కర లేదని చెప్పారు. ఆ పీట ఇప్పుడు మా ఇంట్లో అందరూ వాడుతున్నారు. రోజుకు ఐదుసార్లు తాగే టీని రెండుకు తగ్గించాను. బాలింతలకు నీళ్ళు తక్కువ ఇచ్చే మన ఇళ్ళలోని అలవాటు గురించి కూడా ఆవిడతో చాలాసేపు మాట్లాడాను, మా అమ్మ నాకు రెండు కాన్పులకూ అలాగే చేసింది. ప్రేమతోనే చేసింది, కానీ నాకు మేలు జరగలేదు.

ఆరో సందర్శనకు మా అత్తయ్యను వెంట తీసుకెళ్ళాను. ఆవిడకు 35వ ఏటనే ఊళ్ళో గర్భసంచి తీసేశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం ఉన్నారు. దేశం మొత్తం సగటు సుమారు 3 శాతం. మన పల్లెల్లో తెల్లబట్టకూ, నడుమునొప్పికీ, జారుడుకూ అన్నిటికీ అదే మందుగా చెలామణీ అయిందనడానికి మా అత్తయ్య తరమే సాక్ష్యం. గర్భసంచి తీసేశారు కదా, ఇక జారడానికి ఏముంది అని ఆవిడ అనుకునేవారు. గర్భసంచి లేకపోయినా యోని పైభాగం, మూత్రాశయం, పేగు కిందికి దిగవచ్చని, ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గడం వల్ల ఆ ప్రాంతపు కణజాలం పలచబడుతుందని విన్నాక ఆవిడ చాలాసేపు మౌనంగా ఉండిపోయారు.

ఆవిడది నా రకం కాదు. కుళాయి చప్పుడు వినగానే తొందర, ఇంటి తాళం తీసేలోపే జారుడు, రాత్రి నాలుగుసార్లు లేవడం. ముందు డాక్టరు దగ్గరికి పంపి, షుగర్, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నాయేమో చూపించుకుని రమ్మన్నారు. ఈ జాగ్రత్త నాకు నచ్చింది. అవి లేవని తేలాక మూత్రాశయానికి శిక్షణ మొదలుపెట్టారు: తొందర రాగానే పరుగెత్తకుండా నిలబడి, కండరాలను నాలుగైదుసార్లు చటుక్కున బిగించి, తొందర తగ్గాక నెమ్మదిగా నడిచి వెళ్ళడం, వెళ్ళే మధ్య వ్యవధిని కొన్ని నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోవడం. కనీసం 6 వారాలు చేయాలి. ‘అమ్మా, మీరు మూత్రాశయం మాట వినడం కాదు, అదే మీ మాట వినాలి’ అని ఫిజియోథెరపిస్టు చెప్పిన తీరుకు మా అత్తయ్య నవ్వారు. ఇప్పుడు రాత్రి రెండుసార్లే లేస్తున్నారు.

సిజేరియన్ అయినవారికి ఇవేమీ వర్తించవనే నమ్మకం నా తోటి ఉపాధ్యాయినులలో బలంగా ఉంది. అదే సర్వే 2019-21 లెక్కల ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆపరేషన్‌తో ఈ ముప్పు తగ్గే మాట నిజమే కానీ పూర్తిగా పోదు. తొమ్మిది నెలలు మోసిన బరువు, సాగిన పొట్ట కండరాలు అందరికీ ఒకటే. పొట్ట మధ్యలో కండరాలు విడిపోయి కాన్పు తరువాత కూడా ఉబ్బుగా మిగిలిపోయేవారికి, కుట్టు దగ్గర పట్టేసినట్టు నొప్పి ఉండేవారికి కూడా అక్కడ చికిత్స ఇస్తున్నారు. ప్రోస్టేట్ గ్రంథి ఆపరేషన్ తరువాత మూత్రం ఆగని మగవారికి వేరే రోజు కేటాయించారు.

ఇక్కడ ఒక హెచ్చరిక రాయకపోతే ఈ సమీక్ష తప్పుదోవ పట్టిస్తుంది. బిగించే వ్యాయామం అందరికీ మందు కాదు. కొందరిలో ఈ కండరాలు వదులుగా కాక ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి. కలయికలో భరించలేని నొప్పి, అసలు కలయికే సాధ్యం కాకపోవడం, పొత్తికడుపులో ఎడతెగని నొప్పి, ముక్కినా మలం రాకపోవడం దానివల్ల రావచ్చు. మా బంధువుల అమ్మాయికి పెళ్ళయిన రెండేళ్ళ దాకా ఇదే బాధ. ఇంట్లో అందరూ భయమనీ, మొండితనమనీ అన్నారు, ఒక్కరూ జబ్బు అనలేదు. ఆ పిల్ల పడిన అవమానం తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అటువంటివారికి ముందు నేర్పేది వదలడం: పొట్ట నిండా ఊపిరి పీల్చుకోవడం, కండరాలను సడలించడం, డైలేటర్లు అనే నునుపైన గొట్టాలతో యోనిని చాలా నెమ్మదిగా అలవాటు చేయడం, అవసరమైతే కౌన్సెలింగ్. ఈ స్థితిలో ఫోన్లో చూసి కీగెల్ వ్యాయామాలు చేస్తే నొప్పి పెరగవచ్చు. పరీక్ష లేకుండా వ్యాయామం రాసే చోటికి వెళ్ళవద్దని నేను పదే పదే అనడానికి ఇదొక కారణం.

లోపాల విషయానికొస్తే, అన్నిటికంటే నన్ను బాధించింది గది. పరీక్ష గదికి తలుపు లేదు, తెర మాత్రమే ఉంది, పక్క తెర వెనక భుజం నొప్పికి వచ్చిన ఒకాయన మాటలు నాకు స్పష్టంగా వినిపించాయి, అంటే నావీ ఆయనకు వినిపించే ఉంటాయి. ఇటువంటి విషయాలు మాట్లాడే చోట ఇది చిన్న లోపం కాదు. నేను ఫిర్యాదు చేశాక మూడోసారి నుంచి తలుపున్న గది ఇచ్చారు, కానీ అడగనివారి సంగతేమిటి? అంగీకార పత్రం ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంది. మా అత్తయ్య చదవలేని కాగితం మీద వేలిముద్ర లాంటి సంతకం పెట్టడాన్ని నేను ఒప్పుకోలేదు. ఫిజియోథెరపిస్టే కూర్చుని ప్రతి వాక్యం తెలుగులో చెప్పారు, ఆ ఓపికకు కృతజ్ఞురాలిని, అయినా తెలుగు పత్రం ఉండవలసిందే. రెండో అంతస్తుకు లిఫ్ట్ లేదు. కౌంటర్ దగ్గర ముందే డబ్బు కట్టి 10 సందర్శనల ప్యాకేజీ తీసుకోమని, అందులో సన్నని కరెంటుతో కండరాన్ని బిగించే ప్రేరణ చికిత్స కూడా కలిపి ఒత్తిడి చేశారు. కండరాన్ని సొంతంగా బిగించలేనివారికి అది ఉపయోగపడవచ్చు కానీ నాకు అవసరం లేదని లోపలున్న ఫిజియోథెరపిస్టే చెప్పారు. కౌంటర్ మాట కాక ఆవిడ మాటే విన్నాను.

మొదటిసారికి 1,200 రూపాయలు, తరువాత ఒక్కోసారికి 800 తీసుకున్నారు. తెరమీద కండరాల బిగింపు గీతలుగా కనిపించే బయోఫీడ్‌బ్యాక్‌కు అదనంగా 500, అది రెండుసార్లు చేయించుకున్నాను. సరిగా చేస్తున్నామా లేదా అనే సందేహం ఆ గీతలు చూస్తే తీరిపోతుంది కనుక మొదట్లో చాలా మేలు, పట్టు దొరికాక మళ్ళీ మళ్ళీ చేయించుకోనక్కర లేదు. మొత్తం 8,600 రూపాయలైంది. ఆరేళ్ళు కొన్న ప్యాడ్ల ఖర్చు ఇంతకు చాలా ఎక్కువే.

ఇటువంటి కేంద్రాన్ని వెతుక్కునేవారు ఫోన్‌లోనే కొన్ని విషయాలు అడగండి. చికిత్స చేసేవారు ఫిజియోథెరపీ డిగ్రీ మీద స్త్రీల ఆరోగ్యంలో ప్రత్యేక శిక్షణ పొందారా, పరీక్ష చేసి నేర్పిస్తారా లేక కాగితం ఇచ్చి పంపుతారా, తలుపున్న గది ఉందా, తోడుగా ఇంటివారిని ఉండనిస్తారా అన్నవి తప్పక తెలుసుకోండి. అవయవాల జారుడు ఎక్కువగా ఉంటే వ్యాయామం ఒక్కటే చాలదు. లోపల అమర్చే సిలికాన్ రింగు పెస్సరీ గురించో, ఆపరేషన్ గురించో గైనకాలజిస్టుతో మాట్లాడవలసి ఉంటుంది, మంచి ఫిజియోథెరపిస్టు ఆ మాట తానే చెబుతారు. మూత్రంలో రక్తం కనిపించినా, జ్వరంతో మంట ఉన్నా, మూత్రం అసలే రాకపోయినా, తొడల మధ్య భాగం మొద్దుబారి కాళ్ళు బలహీనపడినా ఇటు రాకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

16వ వారం పరీక్షలో నా కండరాల బలం 4కు వచ్చింది. వారానికి పదికి తక్కువ కాకుండా జారేది, ఇప్పుడు గట్టి జలుబు చేసిన రోజుల్లో ఒకటి రెండుసార్లు మాత్రమే. సాయంత్రపు బరువు చాలావరకు తగ్గింది. పగలు ఆరేడుసార్లకు మించి వెళ్ళడం లేదు, నీళ్ళ సీసా మళ్ళీ క్లాసులోకి తీసుకెళుతున్నాను. ఇంట్లో వ్యాయామం మానవద్దని, ఆరు నెలల తరువాత మరోసారి చూపించుకోమని చెప్పారు. ఆ రోజుకు మా అత్తయ్యకూ కలిపి సమయం తీసుకున్నాను. మెట్లు ఎక్కలేని ఆవిడ కోసం కింది అంతస్తులో గది ఇవ్వగలమని ఈసారి వాళ్ళే అన్నారు.